సూర్యలంక గాలికి ఏ ఫాయిల్ కైట్? సోల్, హైపర్‌లింక్, క్రోనో వాడి చూశాక

విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచి కైట్‌సర్ఫింగ్‌కు, అంటే పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నీటిపై సాగే ఆటకు, వెళ్లేవారు ఇప్పటికీ కొద్దిమందే. వారిలోనూ చాలామంది రామేశ్వరంలోనో తూత్తుకుడిలోనో నేర్చుకుని, అక్కడి గాలికి అలవాటు పడి, అక్కడ ఎక్కువమంది వాడే గాలి నింపే గొట్టాలున్న ట్యూబ్ కైట్‌నే కొనుక్కుని ఇంటికి వస్తారు. వచ్చాక సూర్యలంకలోనో మంగినపూడిలోనో దానిని ఎగరేయబోతే చాలా రోజులు గాలి చాలదు. చాలిన రోజున, లేపేటప్పుడు కైట్ పట్టుకుని నిలబడే మనిషి దొరకడు. ఈ రెండు ఇబ్బందులకూ గొట్టాలు లేని గుడ్డ రెక్క అయిన ఫాయిల్ కైట్ విరుగుడని చెబుతారు, అది చాలావరకు నిజమే. అయితే ఫాయిల్ కైట్లలో ఏది కొనాలన్న ప్రశ్నకు తయారీదారుల ప్రకటనలు మనకు పెద్దగా తోడ్పడవు. దూకినప్పుడు ఎంతసేపు గాలిలో తేలుతుంది, గాలికి ఎంత ఎదురుగా వెళుతుంది అన్న విషయాల చుట్టూనే అవి తిరుగుతాయి. మన తీరంలో ఒంటరిగా దిగేవారు ముందుగా అడగవలసింది నీళ్లలో పడిన కైట్ తిరిగి లేస్తుందా అని.

నేను పోల్చినవి మూడు: జర్మనీకి చెందిన ఫ్లైసర్ఫర్ వారి సోల్ 12, ఓజోన్ వారి హైపర్‌లింక్ 11, అదే ఓజోన్ వారి క్రోనో 13. ఈ అంకెలు చదరపు మీటర్లలో కైట్ వైశాల్యాన్ని తెలుపుతాయి. వీటిలో సోల్ నా సొంతం. మిగిలిన రెండూ మిత్రులవి, వారి దయవల్ల కావలసినంత కాలం నా దగ్గర ఉన్నాయి. నా బరువు 75 కిలోలకు కాస్త అటూ ఇటూ. రెండు వైపులా ఒకేలా సాగే చదునైన పెద్ద ట్విన్‌టిప్ బోర్డు మీదా, కింద రెక్క అమర్చి ఉండి నీటికి పైగా లేచే హైడ్రోఫాయిల్ బోర్డు మీదా వీటిని వాడాను. కొలతలు వేరు, వయసులు వేరు కనుక దీనిని అంకెల పోటీగా కాక, స్వభావాల పోలికగా చదవాలని మనవి. నా తీర్పు సోల్ వైపే ఉంది, కానీ అందరికీ అదే వర్తించదు.

ఫాయిల్ కైట్ పారాగ్లైడర్ జాతికి చెందినది. రెండు పొరల గుడ్డ, వాటి మధ్య నిలువుగా కుట్టిన పక్కటెముకల వంటి గుడ్డ గోడలు, ముందు అంచున గాలి లోపలికి వెళ్లే రంధ్రాలు మాత్రమే అందులో ఉంటాయి. గట్టి భాగం ఏదీ ఉండదు. దీని మూలరూపమైన పారాఫాయిల్‌కు అమెరికాలో డొమినా జాల్బర్ట్ 1966లో పేటెంట్ పొందాడు. పంపుతో గాలి కొట్టే ట్యూబ్ కైట్ ఆ తర్వాతిది. ఫ్రాన్సుకు చెందిన లెగెన్యూ సోదరులు 1984లో దానికి పేటెంట్ దరఖాస్తు చేశారు. ఫాయిల్ కైట్లలో ఓపెన్ సెల్, క్లోజ్డ్ సెల్ అని రెండు రకాలున్నాయి. ఓపెన్ సెల్ రంధ్రాలకు మూత ఉండదు కనుక నీళ్లలో పడితే నీరు నేరుగా లోపలికి చేరుతుంది. అది నేలకూ మంచుకూ పనికివచ్చేది. క్లోజ్డ్ సెల్ రంధ్రాలకు గాలిని లోపలికి మాత్రమే పోనిచ్చే గుడ్డ కవాటాలుంటాయి. సముద్రానికి క్లోజ్డ్ సెల్ తప్ప మరొకటి ఆలోచించనవసరం లేదు, నేను చెబుతున్న మూడూ నీటి మీద ఆ విధంగా వాడేవే.

ఇక గాలి సంగతి. వేసవిలో మధ్యాహ్నం దాటాక సముద్రం మీది నుంచి వచ్చే దక్షిణపు గాలి మనకు ప్రధానమైన ఆధారం. అది నిలకడగానే వీస్తుంది కానీ చాలా రోజులు 10 నాట్ల (గంటకు సుమారు 18.5 కిలోమీటర్ల) చుట్టుపక్కలే ఆగిపోతుంది. గాలి కైట్‌ను లాగే బలం గాలి వేగానికి వర్గంగా పెరుగుతుంది కనుక 10 నాట్లు 14 నాట్లయితేనే లాగుడు దాదాపు రెట్టింపవుతుంది, 20 నాట్లయితే నాలుగు రెట్లవుతుంది. అంటే రామేశ్వరంలో 18 నాట్ల గాలికి సుఖంగా లాగిన 12 చదరపు మీటర్ల ట్యూబ్ కైట్ ఇక్కడ 10 నాట్లలో మూడో వంతు కన్నా తక్కువ బలం ఇస్తుంది, 75 కిలోల మనిషి ట్విన్‌టిప్ మీద నిలబడేందుకు అది చాలదు. ముందంచున లావాటి గొట్టం లేకపోవడం వల్ల, రెక్క ఆకారం శుభ్రంగా ఉండడం వల్ల ఫాయిల్ కైట్ అదే వైశాల్యంలో ఎక్కువ బలం పుట్టిస్తుంది, పైగా తేలికగా ఉంటుంది కనుక గాలి పడిపోయినప్పుడు వెంటనే రాలిపోదు. సోల్ 12 నాకు 10, 11 నాట్ల నుంచి పెద్ద ట్విన్‌టిప్ మీద పనిచేసింది. హైడ్రోఫాయిల్ మీద అంతకన్నా తక్కువకే లేచింది. క్రోనో 13 ఇంకా ముందే లాగింది. హైపర్‌లింక్ 11 కు ట్విన్‌టిప్ మీద మరో ఒకటి రెండు నాట్లు కావలసి వచ్చింది, వైశాల్యం తక్కువ కనుక అది సహజమే.

వేసవిలోనే పడమటి వడగాలి బలంగా ఉన్న రోజుల్లో సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. సూర్యలంక తీరం దక్షిణ ఆగ్నేయంగా చూస్తుంది కనుక వాయవ్యం వైపు నుంచి వీచే గాలి మనిషిని నేరుగా సముద్రంలోకి తోసేది. అటువంటి రోజున గాలి ఎంత బాగున్నట్లు కనిపించినా ఏ కైట్ సంచీనీ విప్పకూడదు. వాయుసేన కేంద్రం అక్కడే ఉంది కనుక ఆ రోజు తీరంలో ఆంక్షలేమైనా ఉన్నాయేమో స్థానికంగా అడిగి తెలుసుకోవాలి. సెలవు రోజుల్లో స్నానాల రద్దీ ఉండే చోటికి చాలా దూరంగా నడిచి వెళ్లి మరీ లైన్లు పరచాలి. బిగిసిన కైట్ లైను మనిషి మెడకు తగిలితే ఏమవుతుందో ఊహించుకుంటే ఆ నడక బరువనిపించదు.

ఒంటరిగా లేపడంలో మూడింటికీ పెద్ద తేడా లేదు. గాలి పోయే దిక్కున కైట్‌ను వెల్లకిలా పరచి, మన వైపు ఉండే వెనుక అంచు మీద దోసిళ్లతో ఇసుక పోసి, లోపలికి కొంత గాలి ఎక్కనిచ్చి, లైన్లన్నీ ఒకసారి నడుస్తూ సరిచూసుకుని, చేత పట్టి కైట్‌ను నడిపే బార్ దగ్గరకు వచ్చి ముందు లైన్లను మెల్లగా లాగితే ముందంచు లేస్తుంది. చదవడానికి తేలిక. చేసేటప్పుడు సమయమంతా బ్రైడిల్ దగ్గరే పోతుంది. కైట్ అడుగు నుంచి పుట్టి, పాయలు పాయలుగా కలుస్తూ నాలుగు లైన్లయ్యే ఆ సన్నని తాళ్ల సముదాయం చీరాల మగ్గం మీది పడుగులా ఉంటుంది; ఒక్క పోగు పక్కదానిలో చిక్కుకున్నా పని మొత్తం ఆగిపోతుంది. సూర్యలంక ఇసుకలో ఎండుపుల్లలు, తెగిన వలల ముక్కలు, గవ్వలు దండిగా ఉంటాయి. అవి బ్రైడిల్‌లో ఇరుక్కుంటే కంటికి కనబడవు, కైట్ లేచి ఒక పక్కకు గుంజడం మొదలుపెట్టాకే తెలుస్తుంది. అందుకే పరిచే చోటును ముందు కాలితో ఊడ్చి శుభ్రం చేసుకోవడం నాకు అలవాటైంది. ఈ విషయంలో హైపర్‌లింక్ కొంత సులువనిపించింది: చిన్న కైట్, పొట్టి రెక్క, సర్దుకోవడానికి తక్కువ గుడ్డ. క్రోనో పొడవైన సన్నని రెక్క కావడం వల్ల ఒక కొస సరిచేసి రెండో కొసకు వెళ్లేలోపు మొదటి కొస గాలికి మడతపడుతూ ఉండేది.

అసలు పరీక్ష నీళ్లలో మొదలవుతుంది. నీళ్లలో పడిన ట్యూబ్ కైట్ గాలి నిండిన గొట్టం మీద తేలుతుంది, ఒక వెనుక లైను లాగితే పక్కకు దొర్లి లేస్తుంది. ఫాయిల్ కైట్ అలా లేవదు. ముందంచు నీళ్ల వైపు పెట్టి బోర్లాపడిన దానిని వెనుక లైన్లు రెండూ కలిపి లాగి, వెనక్కి ఎగిరేలా నీటి నుంచి పైకి తీసి, కొంత ఎత్తుకు వచ్చాక ఒక లైను వదిలి తిప్పి నిలబెట్టాలి. గాలి 12 నాట్లుంటే ఇది చక్కగా జరుగుతుంది. 8 నాట్లకు పడిపోతే తడిసిన గుడ్డ నీటికి అతుక్కుపోయి బరువెక్కుతుంది, లాగిన లైన్లు చేతికి వస్తాయే గాని కైట్ రాదు. కవాటాలున్నంత మాత్రాన నీరు లోపలికి పోదని అనుకోకూడదు; ఎంతసేపు నీళ్లలో ఉంటే అంత నీరు చేరుతుంది. సూర్యలంకలో ఒడ్డు దగ్గర విరిగే అలల మధ్య కైట్ పడితే సమయం మరీ తక్కువ, రెండు మూడు అలలు దాని మీదుగా విరిగితే బ్రైడిల్ మెలిపడుతుంది.

సోల్ నాకు నచ్చింది ఇక్కడే. దాని రెక్క మధ్యస్థమైన పొడవుది. నీళ్లలో పడినా తన ఆకారాన్ని బాగా నిలుపుకుంటుంది, కొసలు లోపలికి ముడుచుకోవడం తక్కువ. వెనక్కి లాగినప్పుడు రెండు కొసలూ ఒకేసారి నీటి నుంచి విడివడుతాయి. క్రోనో అదే పరిస్థితిలో నీటి నుంచి లేచేది కానీ లేచేటప్పుడు ఒక కొస ముందు, మరొకటి తర్వాత రావడంతో అది పక్కకు తిరగబోతుండేది. దానిని చేతి నేర్పుతో సర్దుకోవాలి. ఒక కొస బ్రైడిల్ లైన్ల మధ్య నుంచి దూరి అవతలికి వచ్చేస్తే కైట్ నడుమ నొక్కుకుపోయి సీతాకోకచిలుక ముడిలా తయారవుతుంది, దీనిని వాడేవాళ్లు బోటై అంటారు. నీళ్లలో ఉండగా అది విడివడడం చాలా అరుదు. అప్పుడు చేయగలిగిందల్లా కైట్ బలాన్ని ఒక్కసారిగా వదిలించే క్విక్ రిలీజ్ లాగి, లైన్లు బార్‌కు చుట్టుకుంటూ కైట్‌ను చేరి, దానిని చంకన పెట్టుకుని ఈదుకు రావడమే. రెక్క పొడవు, వెడల్పుల నిష్పత్తి పెరిగేకొద్దీ ఈ ముడి పడే అవకాశం పెరుగుతుంది, ఇది ఏ ఒక్క తయారీదారుకో సంబంధించిన లోపం కాదు, ఆ ఆకారానికి ఉన్న స్వభావం. ఐరోపాలో రేసుల దగ్గర రక్షణ పడవలు తిరుగుతుంటాయి కనుక ఆ స్వభావాన్ని వారు భరించగలరు. మన దగ్గర మహా అయితే వలకు పోయి వస్తున్న పడవ దయదలచాలి.

క్రోనోకు న్యాయం చేయాలంటే దాని గొప్పతనం కూడా చెప్పాలి. నిలకడైన గాలిలో, హైడ్రోఫాయిల్ మీద, అది గాలికి ఎదురుగా వెళ్లే కోణం మిగతా రెండింటికీ అందనిది. రెండు మలుపుల్లో బయలుదేరిన చోటికన్నా గాలి వచ్చే వైపు చాలా ముందుకు చేరుకుంటాం. దూకితే నెమ్మదిగా, ఎంతో మర్యాదగా దింపుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తొలిసారి పెట్టిన కైట్ పోటీలు మార్సెయ్‌లో జరిగాయి. ఆస్ట్రియాకు చెందిన వాలెంటిన్ బొంటుస్, బ్రిటన్‌కు చెందిన ఎల్లీ ఆల్డ్రిజ్ స్వర్ణాలు గెలిచిన ఆ పోటీల్లో వాడినవి ఈ జాతిలోనే ఇంకా తీవ్రమైన రేసు కైట్లు. వేగం మీద అంత ఆసక్తి, ఏటా తమిళనాడు తీరంలో నెలల తరబడి ఉండే వెసులుబాటు ఉన్నవారికి క్రోనో సరైనదే. ఫ్లైసర్ఫర్‌లో దానికి సాటి సోనిక్. వాటికన్నా పైమెట్టు రేసు కైట్లైన ఓజోన్ ఆర్1, ఫ్లైసర్ఫర్ వీఎంజీల గురించి ఇక్కడ చర్చించడం అనవసరం.

గాలి విసురు, తగ్గుల విషయంలో తేడా మరింత స్పష్టంగా తెలిసింది. కైట్ నడినెత్తిన ఉండగా గాలి ఒక్కసారి తగ్గి మళ్లీ వస్తే, ఫాయిల్ కైట్ మనల్ని దాటి ముందుకు పోయి, ముందంచు కిందికి మడతపడి, లైన్లు వదులై రాలిపోయే ప్రమాదం ఉంటుంది. సాయంత్రం గాలి ఆగిపోయే వేళ ఇది ఎక్కువ. క్రోనోను ఆ వేళ నడిపిస్తున్నంతసేపూ చేతులు బార్ మీద పనిచేస్తూనే ఉండాలి. సోల్ మీద ఆ ఆందోళన తక్కువ, మడతపడబోయి తనంతట తానే తెరుచుకున్న సందర్భాలున్నాయి. హైపర్‌లింక్ ఈ విషయంలో సోల్‌కు దగ్గరగానే ఉంటుంది, పైగా చురుకుగా తిరుగుతుంది. ట్యూబ్ కైట్ నుంచి నేరుగా మారేవారికి దాని బార్ స్పర్శ అన్నిటికన్నా పరిచయంగా తోస్తుంది. నేల మీద చక్రాల బోర్డుతో కూడా ఆడుకోవాలనుకునేవారు, 60 కిలోల లోపు బరువున్నవారు సోల్ కన్నా ముందు దానినే చూడాలని నా అభిప్రాయం. కృష్ణలో, ప్రకాశం బ్యారేజీకి ఎగువన, ఏ కైట్ అయినా సరే అని అడిగేవారికి మాత్రం నా సమాధానం వద్దనే: ఇంద్రకీలాద్రి, చుట్టుపక్కల గుట్టలు, కట్టడాలు గాలిని ముక్కలు చేసి పంపుతాయి, ఒడ్డుల వెంట కరెంటు తీగలున్నాయి.

మంగినపూడి గురించి ఒక మాట. అక్కడ సముద్రం చాలా దూరం లోతు లేకుండా ఉంటుంది కనుక పడిన కైట్ దగ్గరకు నడిచి వెళ్లవచ్చు, కొత్తగా ఫాయిల్ కైట్ నేర్చుకునేవారికి అది వరం. కానీ హైడ్రోఫాయిల్ బోర్డు కింద 70 నుంచి 90 సెంటీమీటర్ల మాస్టు అనే నిలువు కడ్డీ ఉంటుంది, నడుము లోతు దాటే దాకా బోర్డు మోసుకుని నడవాలి. నల్ల మన్ను బ్రైడిల్‌కు అంటితే ఎండాక గట్టిపడుతుంది.

నిర్వహణ గురించి అమ్మేవారెవరూ సరిగా చెప్పరు. ఫాయిల్ కైట్‌లో ముందు నుంచి వెనుకకు బ్రైడిల్ వరుసలుంటాయి. బార్ లాగినప్పుడు ఈ వరుసలు వేర్వేరు నిష్పత్తుల్లో కదలడానికి చిన్న పుల్లీలతో మిక్సర్ అనే అమరిక ఉంటుంది. బరువు మోసే లైన్లు కాలక్రమంలో సాగుతాయి, బరువు తక్కువగా పడే లైన్లు తడిసి ఎండి కుంచించుకుపోతాయి. రెండు మూడు సెంటీమీటర్ల తేడా చాలు, కైట్ స్వభావం మారిపోతుంది: మెల్లగా తిరుగుతుంది, తక్కువ గాలిలో ముందుకు ఎగరక వెనక్కి జారుతుంది, నీళ్ల నుంచి లేవదు. దానిని చూసి కైట్ మంచిది కాదనుకుని అమ్మేసేవారు చాలామంది. ఇంటి కిటికీ ఊచకు మిక్సర్ చివర కొక్కెం తగిలించి, అన్ని వరుసల కొసలనూ ఒకే బిగుతుతో లాగి పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కంటికి కనిపిస్తుంది. తయారీదారు చెప్పిన విధంగా ముడులు జరిపి సరిచేయవచ్చు. కొత్త కైట్‌కు తొలి నెలల్లో ఒకసారి, ఆ తర్వాత ప్రతి గాలి కాలానికి ముందు ఇది చేయాలి. మూడు కైట్లకూ ఈ పని తప్పదు.

ఆరబెట్టడం మరో సమస్య. సోల్ 12 పరిస్తే కొస నుంచి కొసకు సుమారు 8 మీటర్లు ఉంటుంది, గుంటూరు అపార్టుమెంటులో అంత చోటు డాబా మీద తప్ప దొరకదు, డాబా మీద ఎండ గుడ్డ పూతను తినేస్తుంది. నేను సాయంత్రం వాటర్ ట్యాంకు నీడ పడ్డాక దానిని తీగ మీద నడుము దగ్గర వేలాడదీసి, కొసల్లోని వెల్‌క్రో రంధ్రాలు తెరిచి ఇసుకనూ మిగిలిన నీటినీ దులుపుతాను. డాబా మీద అప్పడాలు ఆరబోసుకునే పక్కింటి పిన్నిగారితో సమయం పంచుకోవలసి వచ్చింది. వానాకాలంలో తడి ఆరకుండా సంచిలో పెడితే నల్లటి మచ్చలు పడతాయి, ఆ మచ్చలు పోవు. చిరుగులకు, తెరచాపల గుడ్డకు వాడే స్పినాకర్ టేపు రెండు వైపులా అతికిస్తే చిన్నవాటికి చాలు. కుట్టు దగ్గర చిరిగితే మాత్రం మామూలు దర్జీకి ఇవ్వకూడదు, ఆ గుడ్డ సూది పోటు దగ్గరే మళ్లీ చిరుగుతుంది.

ధర విషయానికి వస్తే, కొత్త కైట్ దిగుమతి సుంకాలతో కలిపి లక్షల్లోనే పడుతుంది కనుక చాలామంది పాతవాటి కోసం వెతుకుతారు. గతంలో ఒక పాత ఫాయిల్ కైట్ ఫొటోల్లో మెరిసిపోతూ కనిపించి, చేతికొచ్చాక గుడ్డ నుంచి గాలి కారుతూ నన్ను బాధపెట్టింది; అది ఈ మూడింటిలో ఏదీ కాదు. కొనేముందు గుడ్డను పెదవులకు బిగించి గట్టిగా ఊది చూడాలి. మంచి గుడ్డ ఊపిరిని ఆపేస్తుంది, అరిగిన గుడ్డ అవతలి చేతికి వెచ్చగా గాలి తగిలేలా చేస్తుంది. ముందంచు దగ్గరా, నడుమ పై పొరలోనూ ఈ పరీక్ష చేయాలి, ఎందుకంటే అరుగుదల అక్కడే ముందు వస్తుంది. మిక్సర్ పుల్లీలను వేలితో తిప్పి చూడాలి, తాడు పుల్లీ మీద నడిచిన చోట నూలు లేచిందేమో చూడాలి. ఒకే పొర గుడ్డ ఉండే సింగిల్ స్కిన్ కైట్లైన ఫ్లైసర్ఫర్ పీక్ వంటివి తేలికగా, చవకగా దొరుకుతుంటాయి గాని లోపల గాలి గదులు లేనందున నీళ్లలో పడితే తేలడానికి వాటికి ఆధారం ఉండదు, మన సముద్రానికి వాటిని నేను సిఫారసు చేయను.

కొలత విషయంలో నా సూచన ఇది. 75 కిలోల చుట్టుపక్కల బరువుండి, ఒక్క ఫాయిల్ కైట్ మాత్రమే కొనగలిగితే, ట్విన్‌టిప్ వాడేవారు సోల్ 15 వైపు, హైడ్రోఫాయిల్ వాడేవారు 12 లేదా 10 వైపు చూడాలి. 15 నాట్లు దాటిన రోజులకు పాత ట్యూబ్ కైట్‌ను అమ్మకుండా ఉంచుకోవాలి. 90 కిలోలు దాటినవారికి ట్విన్‌టిప్ మీద 10 నాట్ల గాలిలో 18 కూడా పెద్దదేమీ కాదు. బార్‌ను మాత్రం ఆ కైట్ తయారీదారుదే తీసుకోవాలి. ఫాయిల్ కైట్‌కు బార్ కదిలే దూరం, క్విక్ రిలీజ్ లాగాక లైను జారవలసిన పొడవు ట్యూబ్ కైట్‌వాటితో సరిపోవు; పాత బార్‌ను తగిలిస్తే కైట్ ఎగురుతుంది గాని, రిలీజ్ లాగినప్పుడు పూర్తిగా బలం కోల్పోకపోవచ్చు. డబ్బు చాలకపోతే కైట్‌ను పాతది తీసుకుని, బార్‌ను కొత్తది కొనడం మేలు.